ఫాల్కన్ యూట్: ఆరేళ్ళు తోటపనికి వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, షోరూమ్‌కి వెళ్ళి కొత్తది కొనుక్కునే బండి కాదు ఇది. చివరి ఫోర్డ్ ఫాల్కన్ యూట్ 2016 జులైలో మెల్‌బోర్న్‌లోని బ్రాడ్‌మెడోస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది, అదే ఏడాది అక్టోబర్ 7న ఫ్యాక్టరీనే మూసేశారు. దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. అయినా ఎందుకు రాస్తున్నానంటే, మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్, ట్రుగనీనా వైపు మనవాళ్ళు చాలామంది లాన్ మోయింగ్ అనో, ఇల్లు మారేవాళ్ళ సామాను అనో, టైల్స్ పని అనో, క్యాటరింగ్ అనో ఏదో ఒక పని మొదలుపెడుతున్నారు, మొదలుపెట్టిన వారానికే ఎత్తైన డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లున్న) పికప్‌కి పెద్ద అప్పు చేసేస్తున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి దీన్ని చూడండి అని నా మాట.

నాది 2011 ఎఫ్‌జీ మోడల్, తెల్లది, రెండే సీట్లు, 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఆటోమేటిక్ గేరు. 2019లో కొన్నప్పుడు 1,62,000 కిలోమీటర్లు తిరిగి ఉంది, ఇప్పుడు 2,90,000 దాటింది. మొదట్లో శని ఆదివారాలు మాత్రమే గడ్డి కోసే పనికి వాడేవాణ్ణి, రెండేళ్ళ తర్వాత ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పని పెట్టుకున్నాను, కాబట్టి వారానికి ఆరు రోజులు ఈ బండిలోనే ఉంటాను.

యూట్ అంటే తెలియనివాళ్ళ కోసం: ముందు నుంచి చూస్తే మామూలు కారు. అదే బానెట్, అదే డ్యాష్‌బోర్డు, అవే సీట్లు. డ్రైవర్ వెనక గోడ వస్తుంది, ఆ గోడ తర్వాత తొట్టి. అంతే. లారీని చిన్నది చేసి తయారు చేసింది కాదు, కారుని వెనక్కి సాగదీసి తయారు చేసింది. ఈ తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ రోజంతా పని చేసేవాడి నడుముకి ఇదే అసలు విషయం.

ఎందుకంటే తొట్టి కిందికి ఉంటుంది. వెనక డోరు దించితే తొట్టి అడుగు నా తొడల ఎత్తులో ఉంటుంది. తడిసిన గడ్డి నిండిన సంచి ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకి తెలుసు, అలాంటివి రోజుకి ముప్పై ఎత్తుతాను. లాన్ మోవర్‌ని ఒక పొట్టి చెక్క పెట్టి ఒక్కణ్ణే తోసేస్తాను. మా స్నేహితుడి కొత్త డబుల్ క్యాబ్‌లో అదే మోవర్ ఎక్కించాలంటే పొడుగు ర్యాంప్ కావాలి, పక్కనుంచి ఏదైనా అందుకోవాలంటే టైరు మీద కాలు పెట్టి ఎక్కాలి. నేను నేల మీద నిలబడి, పక్క అంచు మీదుగా చేయి పెట్టి కత్తెర తీసుకుంటాను. రోజుకి ఒకసారైతే ఎవరూ పట్టించుకోరు, అరవైసార్లు చేస్తే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

కొన్న ఏడాదికి ఈ బండి చరిత్ర చదవడం మొదలుపెట్టాను, చదివాక దీని మీద ప్రేమ ఇంకా పెరిగింది. అది కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి, బండి ఎందుకిలా ఉందో అది తెలిస్తేనే అర్థమవుతుంది.

1930ల మొదట్లో ఇక్కడి విక్టోరియా రాష్ట్రంలోనే గిప్స్‌ల్యాండ్ ప్రాంతంలో ఒక రైతు భార్య మెల్‌బోర్న్ దగ్గరి జిలాంగ్ ఊళ్ళో ఉన్న ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం మేము చర్చికి వర్షంలో తడవకుండా వెళ్ళడానికి, సోమవారం మా పందుల్ని సంతకి తోలుకెళ్ళడానికి ఒకటే బండి చేసివ్వలేరా అని అడిగింది. అప్పటికి వెనక తొట్టి ఉన్న బండ్లు లేకపోలేదు, కానీ వాటికి మీద గుడ్డ టాపే, వానొస్తే తడవాల్సిందే. రైతులకి బ్యాంకులు పనిబండి కొనడానికైతే అప్పిచ్చేవి, కారుకైతే ఇచ్చేవి కావని కూడా చెబుతారు. అంటే ఆమె అడిగింది సరదా కోసం కాదు, ఇంటికి రెండు బండ్లు కొనే స్తోమత లేనప్పుడు ఉన్న ఒక్క బండీ రెండు పనులూ చెయ్యాలి. ఆవిడ పేరు చరిత్రలో మిగల్లేదు, నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఈ బండికి అసలు డిజైనర్ ఆమే.

ఆ ఉత్తరం లూ బాండ్ట్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడి బల్ల మీదకి వచ్చింది. అతను చేసిన పని చూడండి. కారు వెనక భాగం కోసేసి అక్కడ ఒక పెట్టె అతికిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ బరువు వేసి గతుకుల మట్టిరోడ్డు మీద నడిపితే ఆ అతుకు దగ్గరే ఊగి ఊగి పగులుతుంది. అందుకని అతను డోరు వెనక నుంచి తొట్టి చివరిదాకా పక్క రేకుని ఒకే ముక్కగా తీసుకెళ్ళాడు, అతుకే లేకుండా. ముందు ఫోర్డ్ వీ8 కారు, వెనక 1,200 పౌన్లు, అంటే మన లెక్కలో దాదాపు 545 కిలోలు మోసే తొట్టి. 1934లో అమ్మకానికి పెట్టారు. దాన్నే కూపే యుటిలిటీ అన్నారు, వాడుకలో యూట్ అయిపోయింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో తొట్టి ఉన్న ప్రతి బండినీ యూట్ అనేస్తున్నారు గానీ ఆ పేరు పుట్టింది ఈ కారు రకానికే.

బాండ్ట్ 1987లో కారు ప్రమాదంలో చనిపోయారు. ఆ రోజు ఆయన నడుపుతున్నది తన చేతులతో బాగు చేసుకున్న 1934 యూటే. జిలాంగ్ రింగ్ రోడ్డు మీద మూరబూల్ నది దాటే వంతెనకి ఆయన పేరే పెట్టారు. జిలాంగ్‌లో నాకు ఇద్దరు కస్టమర్లు ఉన్నారు, పని అయ్యాక ఒక్కోసారి ఆ వంతెన మీదుగా తిప్పుకుని వస్తాను, పెద్ద కారణమేమీ లేదు, ఆయన బండిలో ఆయన వంతెన మీద వెళ్ళడం నాకు బాగుంటుంది.

మా నాన్న 2023లో వచ్చి మూడు నెలలు ఉన్నారు. మాది గుంటూరు దగ్గర పల్లె, మిర్చి వేస్తాం. ఈ ఉత్తరం కథ చెబితే ఆయన కాసేపు బయట నిలబడి తొట్టి అంచు మీద చేయి వేసి అటూ ఇటూ చూసి, "ఇట్టాంటిది మనకెందుకు రాలేదురా? ఆదివారం పెళ్ళికి పోవచ్చు, సోమవారం టిక్కీలేసుకుని యార్డుకి పోవచ్చు" అన్నారు. మన దగ్గర 2005లో టాటా ఏస్ వచ్చాక సరుకు బాధ చాలా తగ్గింది, ఏస్ వెనక ఎక్కి పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళాం, కానీ అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కారులో కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళే బండి కాదు అది. ఆ గిప్స్‌ల్యాండ్ ఆవిడ అడిగింది సరిగ్గా అదే కదా. నాన్న వెళ్ళేదాకా ప్రతి ఆదివారం గుడికి యూట్‌లోనే వచ్చారు, మా ఆవిడ, పిల్లలు వేరే కారులో.

అమెరికాలో ఇదే ఆలోచనతో ఫోర్డ్ రాంచెరో 1957 మోడల్‌గా వచ్చింది, దాని వెనకే షెవర్లే ఎల్ కమీనో 1959 మోడల్‌గా. అక్కడివాళ్ళు రాసేవి చదివితే ఎల్ కమీనోతోనే ఈ రకం బండి పుట్టినట్టు ఉంటుంది, కాదు, జిలాంగ్ వాటికన్నా ఇరవై ఏళ్ళకి పైగా ముందు. రాంచెరో 1979తో, ఎల్ కమీనో 1987తో ఆగిపోయాయి. 2008లో ఆస్ట్రేలియాలో ఫోర్డ్‌కి పోటీ కంపెనీ హోల్డెన్ చేసిన యూట్‌ని పాంటియాక్ పేరుతో అమెరికాలో అమ్ముతామని చూపించారు కూడా, ఆ మరుసటి ఏడాది మొదట్లోనే ఆర్థిక సంక్షోభంలో ఆ ప్లాన్ రద్దయింది.

ఇక హోల్డెన్. వాళ్ళ మొదటి యూట్ 1951లో వచ్చింది, 1948 నాటి వాళ్ళ మొదటి కారు ఆధారంగా. ఫోర్డా హోల్డెనా అనేది ఇక్కడ మన దగ్గర ఫ్యాన్స్ గొడవలాంటిది, ఇళ్ళల్లో తాతల నుంచి వస్తుంది, నేను అందులో దూరను. కానీ ఒకటి చెప్పాలి, 1984 నుంచి 1990 దాకా హోల్డెన్ కారు ఆధారంగా యూటే చెయ్యలేదు. ఆ ఆరేళ్ళూ ఇక్కడ తయారయ్యే ఈ రకం యూట్ ఫాల్కన్ ఒక్కటే. అంతెందుకు, 1988లో అప్పటి ప్రభుత్వ కార్ల పాలసీ పుణ్యమా అని నిస్సాన్ కూడా ఇదే ఫాల్కన్ యూట్‌ని తన పేరు తగిలించుకుని అమ్మింది.

ఫాల్కన్ అసలు అమెరికా కారే. 1960లో ఇక్కడ తయారీ మొదలైంది, 1961లో యూట్ వచ్చింది. అమెరికా నున్నటి రోడ్ల కోసం చేసిన ముందు సస్పెన్షన్ ఇక్కడి లోపలి రోడ్ల మీద నిలవలేదు, పేరు బాగా చెడింది. ఆ పేరు కడుక్కోవడానికి 1965లో ఎక్స్‌పీ ఫాల్కన్లని కొన్నింటిని యూ యాంగ్స్ కొండల దగ్గర కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద రోజుల తరబడి రాత్రింబవళ్ళు తోలి, అన్నీ కలిపి 70,000 మైళ్ళు పూర్తి చేసి జనానికి చూపించారు. జిలాంగ్ వైపు వెళ్తుంటే వెర్రిబీ దాటాక ఫ్రీవే మీద కుడివైపు కనిపించే కొండలే అవి. ఆ తర్వాత ఫాల్కన్ క్రమంగా పూర్తిగా ఈ దేశపు కారైపోయింది, 1972 ఎక్స్‌ఏ మోడల్ నుంచి డిజైన్ కూడా ఇక్కడే.

నా బండికి సంబంధించిన అసలు మలుపు 1999లో. అప్పటి ఏయూ మోడల్ నుంచి ఫోర్డ్ తొట్టిని క్యాబిన్ నుంచి విడదీసింది. మీరు నా బండి పక్కన నిలబడి చూస్తే క్యాబిన్‌కి తొట్టికి మధ్య వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. బాండ్ట్ 1934లో అతుకు వద్దని ఒకే రేకు వేస్తే, 65 ఏళ్ళ తర్వాత అదే కంపెనీ విడి తొట్టికి వచ్చింది. చూడ్డానికి హోల్డెనే అందం, అది చివరిదాకా ఒకే ముక్కగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ విడి తొట్టి వల్ల పనివాడికి లాభం ఎక్కువ. కావాలంటే ఉక్కు తొట్టి, లేదా మూడు పక్కలా దించుకునే చదును ట్రే, లేదా టూల్ బాక్సులు, ఏదైనా అదే చట్రం మీద పెట్టుకోవచ్చు. వెనక ఎవరైనా గుద్దితే తొట్టి ఒక్కటే మార్చుకోవచ్చు. రెండేళ్ళ క్రితం ఒక పార్కింగ్‌లో ఒకతను రివర్స్ చేస్తూ నా తొట్టి మూల నొక్కేశాడు, పాత బండ్ల యార్డులో ఇంకో తొట్టి దొరికింది, ఒక్క రోజులో మార్చేశారు.

ఇంకో పాత తీరు ఏమిటంటే వెనక కమాన్ పట్టీలు. 2002 బీఏ మోడల్ సెడాన్‌కి వెనక రెండు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్ ఇచ్చారు, యూట్‌కి మాత్రం చివరిదాకా కమాన్ పట్టీలే ఉంచారు. హోల్డెన్ 2000 తర్వాత విడి సస్పెన్షన్‌కి వెళ్ళింది, కాబట్టి ఖాళీగా నడిపితే హోల్డెన్ మెత్తగా ఉంటుంది, బరువేస్తే ఫాల్కన్ నయం. ఫాల్కన్ బేస్ మోడల్స్‌లో టన్ను దాకా మోసే గట్టి సస్పెన్షన్ రకం దొరుకుతుంది, నాది అదే. ఎక్స్‌ఆర్6 రకాలు కిందికి, స్పోర్ట్స్ కారులా ఉంటాయి, కుర్రాళ్ళకి అవే ఇష్టం, కానీ అవి మోసేది బాగా తక్కువ. పని కోసం కొనేవాళ్ళు బంపర్ చూసి మోసపోవద్దు, తొట్టి బరువు లిమిట్ చూసి కొనండి.

ఇంజన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. బర్రా అంటారు దీన్ని, 2002లో వచ్చింది, జిలాంగ్‌లోనే తయారయ్యేది. అప్పట్లో 182 కిలోవాట్లు, నా ఎఫ్‌జీలో 195. వేర్లు వెతికితే 1960 నాటి మొదటి ఫాల్కన్ ఆరు సిలిండర్ల ఇంజన్ దాకా వెళ్తాయి, అదే వంశం, ఇంజన్ పైభాగాన్ని మాత్రం కాలానికి తగ్గట్టు పూర్తిగా మార్చుకుంటూ వచ్చారు. తొట్టి నిండా మట్టి వేసుకుని బల్లారట్ ఘాట్ ఎక్కినా గొంతు మారదు, గేరు ఎక్కువసార్లు దిగదు. ఇన్ని కిలోమీటర్లలో ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. ఆయిల్ టైముకి మార్చాను, కూలెంట్ మార్చాను, అంతే.

పెట్రోల్ మాత్రం తాగుతుంది. ఊళ్ళో, సామానుతో 100 కిలోమీటర్లకి 13, 14 లీటర్లు. ఫ్రీవే మీద ఖాళీగా వెళ్తే 10కి వస్తుంది. డీజిల్ డబుల్ క్యాబ్ వాళ్ళు ఈ లెక్క చెప్పే నన్ను ఆపాలని చూస్తారు. నేను చెప్పేది ఒకటే, వాళ్ళ నెల కిస్తీ, వాళ్ళ డీజిల్ సర్వీసింగ్ బిల్లు కూడా పక్కన పెట్టి మొత్తం కలిపి చూడండి.

బాధపడే సంగతులు ఇంకా ఉన్నాయి. రెండే సీట్లు, పిల్లలున్న ఇంటికి ఇది ఒక్కటే కారుగా పనికిరాదు, ఇది ఖచ్చితంగా చెబుతున్నాను, ఎవరో తక్కువ ధరకి ఇస్తున్నారని కొని తర్వాత బాధపడొద్దు. తిప్పు పెద్దది, సెడాన్ కన్నా పొడుగు కదా, కోర్టులు అని పిలిచే చివర మూసుకుపోయిన ఇరుకు వీధుల్లో యూ టర్న్ ఒక్కసారికి రాదు. తడి రోడ్డు మీద తొట్టి ఖాళీగా ఉంటే వెనక జారుతుంది, బరువంతా ముందుంటుంది, తిప్పేది వెనక చక్రాలు. మొదటి చలికాలంలో ఒక రౌండ్అబౌట్ దగ్గర వెనక భాగం పక్కకి జరిగేసరికి చాలా టెన్షన్ పడ్డాను. అప్పటి నుంచి వానాకాలంలో తొట్టిలో వెనక చక్రాల మీదకి వచ్చేలా రెండు ఇసుక బస్తాలు కట్టి ఉంచుతాను, ఆ రెండు బస్తాలతో బండి పూర్తిగా మారిపోతుంది. మట్టిదారి, పొలం గట్టు ఉంటే కూడా ఇది వద్దు, కింద తగులుతుంది.

ఇంత బాగుంటే ఎందుకు ఆపేశారు అని అడుగుతారు. 2005 నుంచి థాయ్‌లాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది, అక్కడ తయారైన టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్ లాంటి పికప్‌లు సుంకం లేకుండా దిగడం మొదలైంది. అవి ఐదు సీట్లవి, ఇంటికీ పనికీ ఒకటే బండి అయిపోయింది. ఒక రకంగా చూస్తే ఆ రైతు భార్య అడిగినదే, పిల్లలతో సహా. 2016లో హైలక్స్ ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన బండి అయింది, ఫాల్కన్ యూట్ ఆగిపోయిన ఏడాదే. మరుసటి ఏడాది అక్టోబర్ 3న మా పక్కనే ఉన్న ఆల్టోనాలో టొయోటా ఫ్యాక్టరీ, అదే నెల 20న అడిలైడ్ దగ్గర ఎలిజబెత్‌లో హోల్డెన్ ఫ్యాక్టరీ మూసేశారు. అక్కడితో ఈ దేశంలో కార్ల తయారీ అయిపోయింది. నా కస్టమర్ ఒకాయన జిలాంగ్ ఇంజన్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేశారు. మొదటిసారి వాళ్ళింటికి గడ్డి కోయడానికి వెళ్ళినప్పుడు ఆయన నాతో మాట్లాడకముందే బానెట్ ఎత్తమన్నారు. ఇంజన్ చప్పుడు ఒక నిమిషం విన్నారు. "బాగా చూసుకుంటున్నావు" అన్నారు. ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను, ప్రతిసారీ బానెట్ ఎత్తాల్సిందే.

వినాయక చవితికి మా అసోసియేషన్ విగ్రహం నాలుగేళ్ళుగా ఇందులోనే వస్తోంది. తొట్టి కిందికి ఉండటం వల్ల నలుగురు చాలు, అంతకుముందు అద్దె ట్రక్కు అయితే ఎనిమిది మంది పట్టేవాళ్ళం, స్వామి ఒరిగితే ప్రాణం పోయినట్టుండేది.

కొనదలుచుకుంటే ఇవి చూడండి. నేను మొదట చూసిన బండి వేరే, అమ్మేవాడు తొట్టిలో కొత్త ప్లాస్టిక్ లైనర్ వేసి మెరిపించి పెట్టాడు, బయానా ఇచ్చాక అనుమానమొచ్చి లైనర్ ఎత్తితే కింద అడుగంతా తుప్పు, బయానా వెనక్కి రావడానికి నెల పట్టింది. కాబట్టి లైనర్ ఎత్తి చూపించనంటే అక్కడినుంచి వచ్చేయండి. కమాన్ పట్టీల చివర్లు, అవి చట్రానికి బిగించిన చోట టార్చ్ వేసి చూడండి. ఎఫ్‌జీకి ముందు వచ్చిన బీఎఫ్ మోడల్‌లో ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంటే గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే కూలర్ లోపల లీకై కూలెంట్ ఆయిల్లో కలిసిపోవడం వాడేవాళ్ళందరికీ తెలిసిన సంగతి, అది మార్చిన రసీదు అడగండి. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ అమ్మేవాడే ఇవ్వాలి, "నువ్వే చేయించుకో, వంద డాలర్లు తగ్గిస్తా" అంటే వద్దు. కౌన్సిల్ వాళ్ళు, కరెంటు కంపెనీల వాళ్ళు వాడి అమ్మేసినవి ఎక్కువ కిలోమీటర్లు తిరిగినా సర్వీస్ పుస్తకం సరిగ్గా ఉంటుంది, నాది అలాంటిదే. పగటిపూటే వెళ్ళండి, వీలైతే మీ మోవర్‌ని కూడా తీసుకెళ్ళి ఎక్కించి చూడండి.